పెట్టెలో దాచిన మందు

ఓష్,
జూన్ 4, 2011

కొండ ఎక్కగానే కింద ఒక చెల్లెలుందన్న సంగతి మరిచిపోయే మా ఉల్‌జాన్ అక్కకి,

మీరంతా గొర్రెలతో, గుర్రాలతో క్షేమంగా మన వేసవి మేత కొండకి, జైలూకి, చేరారని లారీ నడిపే మామసాలీ చెప్పాడు. గుడారం వేస్తుంటే వాన పడిందటగా. ఇక్కడ వాన మాట దేవుడెరుగు, రోడ్డు మీద తారు కరిగి చెప్పులకి అంటుకుంటోంది. మల్బరీ పళ్లు రాలి వాకిలంతా నల్లగా అయింది. తుడుద్దామంటే నా మోకాళ్లు ఒప్పుకోవు, మీ మరిదిగారు వంగరు.

ఆ మేత కొండ మీద ఫోను పనిచెయ్యదు కాబట్టి ఈ వేసవంతా పాతకాలం వాళ్లలా ఉత్తరాలు రాసుకుందాం. నీ కళ్లకి నా రాత ఆనదు, నీ కోడలు చినారా చదివి పెడుతుంది. చినారా, తల్లీ, తడబడకుండా చదువు. మీ అత్తగారు మధ్యలో అడ్డుపడితే వినపడనట్టు ఊరుకో.

మామసాలీతో టీ పొట్లం, కలకండ, ఎండు అప్రికాట్లు పంపుతున్నాను. టీ పొట్లం అడుగున ఒక చిన్న రేకు డబ్బా ఉంది. అందులో మూడు గాజు బుడ్లు, సిరంజీలు ఉన్నాయి. ఆ మందు పేరు నలాక్సోన్. అది మన ఎల్దియార్ కోసం.

అక్కా, కోపం తెచ్చుకోకు. నీ పెద్దకొడుకు నా ఇంట్లో ఉండే ఆస్పత్రికి తిరిగాడు. రెండు నెలలు హెరాయిన్ ముట్టలేదు. వాడికి సూప్ తాగించింది నేనే, వాంతులు ఎత్తింది నేనే. వాడు బాగుపడాలని నీకెంత ఉందో నాకూ అంతే ఉంది. కానీ నేను అంబులెన్సులో జుట్టు నెరిసిన నర్సుని. మేము మోసిన కుర్రాళ్లలో చాలామంది రోజూ వాడేవాళ్లు కారు, మానేసి మళ్లీ ఒక్కసారి ముట్టినవాళ్లు. ఒళ్లు ఆ పొడిని మరిచిపోతుంది, చెయ్యి మాత్రం పాత మోతాదే ఎక్కిస్తుంది. కీడెంచి మేలెంచమన్నారు కదా. రెండో కాగితం జాగ్రత్తగా వినండి.

నీ జిపారా

రెండో కాగితం: మోతాదు మించితే మనిషి పిలిచినా పలకడు. రొమ్ము ఎముక మీద పిడికిలితో గట్టిగా రుద్దినా కదలడు. పెదాలు, గోళ్లు నీలంగా మారతాయి. కనుపాపలు గసగసాల గింజంత అవుతాయి. ఊపిరి ఎప్పుడో ఒకటి వస్తుంది, లేదా గొంతులో గరగరమని గురక వస్తుంది. దాన్ని నిద్ర అనుకోవద్దు. వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక్కి వంచి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ఛాతీ లేచేలా ఊదాలి. నెమ్మదిగా అయిదు లెక్కపెట్టి మళ్లీ ఊదాలి. బుడ్డి విరిచి మందు సిరంజీలోకి లాగి తొడ కండలో గుచ్చాలి, బట్టల మీంచైనా పరవాలేదు. మందు పనిచేసేదాకా ఊదడం ఆపొద్దు. రెండు మూడు నిమిషాలు చూసి, ఊపిరి రాకపోతే రెండోది వెయ్యాలి. చన్నీళ్లు పొయ్యొద్దు, పాలు పట్టొద్దు. లేచాక తిడతాడు, వాంతి చేసుకుంటాడు, వణుకుతాడు. అయినా వదిలి వెళ్లొద్దు. ఈ మందు తొందరగా దిగిపోతుంది. అప్పుడు ఊపిరి మళ్లీ ఆగొచ్చు.

*

జైలూ,
జూన్ 13

పట్నం వెళ్లి తెలివి ఎక్కువైన నా చెల్లెలికి,

టీ బాగుంది. కలకండ చీమలకంటే ముందు మా చిన్నాడు మిర్లాన్ తినేశాడు. పెళ్లయినా వాడికి చిన్నతనం పోలేదు. గొర్రెల్ని తోలుకుని పైకొండకి వెళ్లాడు, ఇక వచ్చే నెలాఖరుకి గాని దిగడు.

నీ ఉత్తరం చినారా చదివింది. రెండో కాగితంలో రెండు మాటలు వినగానే "చాలు, ఆపమ్మా" అన్నాను. ఒసేయ్ జిపారా, బతికున్న బిడ్డకి ఎవరైనా శవానికి చుట్టే కఫన్ గుడ్డ కొని పంపుతారా? నువ్వు పంపింది అలాగే ఉంది. ఎల్దియార్ బంగారంలా ఉన్నాడు. పొద్దున్నే గుర్రప్పాల కుమిస్ రెండు గిన్నెలు తాగుతున్నాడు, బుగ్గలు ఎర్రబడ్డాయి. గుర్రాల కట్టుగొయ్యలన్నీ వాడే పాతాడు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదంటాడు, అదొక్కటే. కొండగాలి తగిలితే అదీ వస్తుంది. ఇక్కడ అందరికీ వాడికి ఓష్‌లో పచ్చకామెర్లు వచ్చాయని చెప్పాను. గుల్చాలో మన చినారా అమ్మానాన్నలకీ అదే చెప్పాను. నువ్వూ అదే చెప్పు.

అయినా చెల్లెలు పంపింది పారేస్తానా? నీ రేకు డబ్బాని అమ్మ పెట్టెలో పెట్టి తాళం వేశాను. నా వెండి గాజులు, నీ బావగారి పతకాలు ఉన్నచోటే పెట్టాను. పెట్టె మీద పరుపులు, బొంతలు అన్నీ పేర్చేశాం, ఇక ఎవరి కన్నూ పడదు. విలువైన వస్తువుకి మన ఇళ్లలో అంతకంటే చోటేముంది?

ఒక సంగతి అడుగుతాను, నవ్వకు. అది అంత మంచి మందే అయితే వారానికొక సూది వేయిస్తే ఆ పాడలవాటు మొదలంటా పోదూ?

చినారాకి నీ పిచ్చి అంటినట్టుంది. నిన్న ఖాళీ కుమిస్ తిత్తి మూతికి నోరు పెట్టి ఊదుతోంది. ఏమిటే అది అంటే "చిల్లుందేమో చూస్తున్నా అత్తయ్యా" అంది. నీ రెండో కాగితం కూడా తనే ఎక్కడో దాచుకుంది.

పెరుగు ఎండబెట్టి చేసిన కురుత్ ఉండలు పంపుతున్నాను. ఉప్పు ఎక్కువైందని వంక పెట్టకు.

మీ అక్క ఉల్‌జాన్

*

ఓష్,
జూన్ 20

ఉప్పు ఎక్కువైన కురుత్ పంపిన అక్కయ్యకి,

మా ఎదురింటి పిల్ల పెళ్లి జరిగింది. ఆ కబుర్లన్నీ రాస్తాను. కానీ నిన్ను నమ్మలేను కాబట్టి మందు సంగతి పెళ్లి మధ్యలో కుక్కుతున్నాను. పెళ్లి వినాలంటే అదీ వినాల్సిందే.

పెళ్లికొడుకు తరఫువాళ్లు కమ్మలు తెచ్చారు. బంగారమన్నారు. పిల్ల మేనత్త పంటితో కొరికి చూసి అందరి ముందూ "పన్నూ వంగలేదు, కమ్మా వంగలేదు, ఇదేం బంగారం" అంది. గొడవ. ఆ గొడవలో పెళ్లికొడుకు బాబాయి టీ కాచే సమోవార్ మీద కూర్చున్నాడు.

ఇక్కడ ఆగు. అక్కా, అది వారానికొకటి వేసే మందు కాదు. అలవాటు మాన్పదు. ఊపిరి ఆగిన మనిషికి ఊపిరి తిరిగి తెప్పిస్తుంది, అంతే దాని పని. పొడి తీసుకోనివాడికి పొరపాటున వేసినా ఏమీ కాదు, సూది నొప్పి తప్ప. కానీ అది అందాల్సింది నిమిషాల్లో. నువ్వు దాన్ని అన్ని బొంతల కింద తాళం వేసి పెట్టావు! ఇల్లు తగలబడుతుంటే నీళ్లబిందెకి తాళం వేస్తావా? డబ్బా తీసి గుడారం తలుపు పక్కన తడికకి వేలాడదియ్యి. పసిపిల్లలకి తప్ప అందరికీ అందాలి. ఎల్దియార్‌కి కూడా చూపించు. వాడికి చెప్పకుండా దాచడమంటే వాణ్ణి నమ్మడం లేదని చెప్పినట్టే.

ఎవరైనా చూస్తే నా రక్తపోటు మందని చెప్పు, నీకు అబద్ధాలు బాగానే వచ్చుగా, పచ్చకామెర్లట!

సరే, సమోవార్. అదృష్టం బాగుండి అందులో నిప్పులు చల్లారిపోయాయి. ఆయన పంట్లాం మాత్రం పోయింది. పెళ్లికూతురు ముసుగులోంచి నవ్వు ఆపుకోలేక ఏడుస్తున్నట్టు నటించింది, అంతా "పాపం, పుట్టిల్లు వదలలేక" అనుకున్నారు.

చినారాకి నా ముద్దులు. తిత్తిలో చిల్లు దొరికిందా అమ్మా?

జిపారా

*

జైలూ,
జూలై 12

జిపారా,

ఈ ఉత్తరం నేనే రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే సర్దుకో. చదివే మనిషి, రాసే మనిషి ఇప్పుడీ గుడారంలో లేదు. చినారాని పుట్టింటికి పంపేశాను.

రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా నీకు కాకపోతే ఎవరికి రాయను?

మొన్న ఎల్దియార్ కురుత్ బస్తాలు అమ్మడానికి లారీల రోడ్డుకి వెళ్లి మధ్యాహ్నానికి వచ్చాడు. వస్తూనే పడుకున్నాడు. నేను బయటికి వెళుతూ తొంగి చూస్తే గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. అమ్మయ్య, ఇన్నాళ్లకి బిడ్డకి కంటినిండా నిద్ర పట్టింది అనుకున్నాను. చలికి పెదాలు నీలంగా ఉంటే మీద బొంత కప్పి, గుర్రాలు పితకడానికి వెళ్లాను.

పాల బకెట్టుతో తిరిగొచ్చి చూద్దును కదా, పరుపుల దొంతరంతా నేల మీద కూలిపోయి ఉంది. అమ్మ పెట్టె తాళం గొడ్డలితో విరగ్గొట్టి ఉంది. చినారా తల మీద రుమాలు లేదు. బావగారని ఎల్దియార్ ఎదుట ఇన్నేళ్లూ గొంతు వినపడనివ్వని పిల్ల, ఆయన కూర్చున్న వైపు వీపు తిప్పని పిల్ల, వాడి మీదకి వంగి నోట్లో నోరు పెట్టి ఉంది జిపారా! పక్కన సూది, పగిలిన గాజుముక్కలు. బకెట్టు నా చేతిలోంచి జారి పాలన్నీ నేలపాలయ్యాయి.

"ఏం పనే ఇది సిగ్గులేనిదానా!" అని జుట్టు పట్టుకుని లాగాను. నా చెయ్యి విదిలించేసి మళ్లీ వంగింది. అత్తగారి చెయ్యి విదిలించింది! ఇంతలో వాడు గట్టిగా ఊపిరి పీల్చి కళ్లు తెరిచాడు. తెరుస్తూనే బూతులు, వాంతి, ఒకటే వణుకు. హాయిగా నిద్రపోతున్నవాడికి ఏం ఎక్కించిందో, మనిషిని మనిషిలా లేకుండా చేసింది.

"ఏం చేశావు చెప్పు" అంటే తల వంచుకుంది. "ఆయన్ని పడుకోనివ్వకండి అత్తయ్యా" అంది, అంతే. వాణ్ణి అడిగితే గోడవైపు తిరిగి "వదిలెయ్యమ్మా" అన్నాడు. తాళం పగలగొట్టిన దొంగ, సిగ్గు విడిచింది, నా బిడ్డకి విషం ఎక్కించింది. ఇంకేం కావాలి? బయటికి పొమ్మన్నాను. పోయిందనుకున్నావా? గుడారం బయట కూర్చుని తడికల సందులోంచి వాడినే చూస్తూ ఉంది. పొద్దు వాలేదాకా అక్కడే ఉంది. ఎంత తెగింపో చూడు. వాడు లేచి టీ తాగాక అప్పుడు లేచింది. మామసాలీ లారీ ఎక్కించాను.

పీడ పోవాలని గుడారమంతా జునిపర్ కొమ్మల పొగ వేశాను. అయినా నా మనసు నిలవడం లేదు. మిర్లాన్ కిందికి దిగితే ఏమని చెప్పను? నీ పెళ్లాం, మీ అన్న అని ఏ నోటితో చెప్పను? ఒక తల్లి కడుపున పుట్టినవాళ్లు ఒకరినొకరు నరుక్కుంటారు. నీ పెళ్లి ఉత్తరంలో మందు సంగతి మొదలవగానే లేచి బయటికి వెళ్లాను, సమోవార్ మాట వచ్చాక లోపలికొచ్చాను. ఆ మందు అడుగుపెట్టిన వేళే మంచిది కాదు. రెండు బుడ్లు పగిలాయి, ఒకటి మిగిలింది. దాన్నేం చెయ్యాలో నువ్వే చెప్పు.

ఉల్‌జాన్

*

ఓష్,
జూలై 15

అక్కా,

ముందు కూర్చో. ఎల్దియార్‌ని దగ్గరికి పిలిచి కూర్చోబెట్టి ఈ ఉత్తరం వాడి చేత చదివించు. వాడే చదవాలి.

నీ ఉత్తరం చదివి నేను వాకిట్లోనే కూలబడి ఏడ్చాను. మీ మరిదిగారు ఎవరో పోయారనుకుని పరిగెత్తుకొచ్చారు. పోయి తిరిగొచ్చారండీ అన్నాను. నీ కొడుకు చావుదాకా వెళ్లి వెనక్కి వచ్చిన సంగతి నువ్వే నీ చేత్తో వంకర అక్షరాలతో రాశావు, నీకే తెలియకుండా.

వాడిది నిద్ర కాదు. ఆ గురక, ఆ నీలం పెదాలు నా రెండో కాగితంలో ఉన్నాయి. నువ్వు వద్దన్న కాగితంలో. లారీల రోడ్డు మీద వాడికి ఆ పొడి దొరికింది. నువ్వు బొంత కప్పి వెళ్లావు. పోనీ, నీకేం తెలుసు, ఏ తల్లయినా కప్పుతుంది. కానీ ఆ పిల్ల బొంత తీసి చూసింది.

తాళం ఎందుకు పగలగొట్టిందంటావా? తాళంచెవి నీ నడుముకి ఉంది, నువ్వు గుర్రాల దగ్గర ఉన్నావు. పిలవడానికి పరిగెడితే నువ్వొచ్చేసరికి వాడు ఉండడు. నోట్లో నోరెందుకు పెట్టిందంటావా? వాడికి ఊపిరి లేదక్కా, తన ఊపిరి ఇచ్చింది. నీ చెయ్యి ఎందుకు విదిలించిందంటే, నువ్వు ఆపింది వాడి ఊపిరిని. ఆ వాంతి, వణుకు, బూతులు మందు చేసిన పని. ఆ బూతులు విన్నప్పుడల్లా మా అంబులెన్సులో మేం ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకునేవాళ్లం, వీడు బతికాడని.

ఇక పొద్దువాలేదాకా బయట కూర్చున్న సంగతి. అది చదివినప్పటినుంచి నాకు అన్నం సయించడం లేదు. ఆ మందు దిగిపోయాక ఊపిరి మళ్లీ ఆగొచ్చని రాశాను కదా. వదిలి వెళ్లొద్దని రాశాను. నువ్వు జుట్టు పట్టి గెంటేస్తే ఆ పిల్ల వెళ్లలేదు. తడికల సందులోంచి వాడి ఛాతీ లేస్తోందా లేదా అని చూస్తూ కూర్చుంది. వాడు టీ తాగాక, ఇక గండం గడిచిందని తెలిశాక, అప్పుడు లారీ ఎక్కింది. నిందలన్నీ నెత్తిన పెట్టుకుని ఎక్కింది.

అక్కవని ఊరుకోను, తిడతాను. నీ మొండితనం మండిపోను! ఆ పిల్ల కాళ్లు కడిగి నెత్తిన చల్లుకోవాలి నువ్వు.

ఎల్దియార్, నాయనా, ఇది నువ్వే చదువుతున్నావు కదా. నువ్వు మళ్లీ ముట్టావని నాకు కోపం లేదు, జబ్బు తిరగబెడుతుంది, మళ్లీ ఆస్పత్రికి వెళదాం. కానీ నీకు ప్రాణం పోసిన పిల్ల నీ ఎదుటే దొంగ అనిపించుకుని వెళ్లిపోతుంటే గోడవైపు తిరిగి పడుకున్నావే, అది నాకు కడుపుమంటగా ఉంది. లే.

మిర్లాన్ దిగిరాకముందే ఇద్దరూ గుల్చా వెళ్లండి. తెల్ల రుమాలు తీసుకెళ్లు అక్కా, కొత్త కోడల్ని తెచ్చుకున్నప్పుడు కప్పినట్టు మళ్లీ కప్పి తెచ్చుకో. మిగిలిన బుడ్డి ఎల్లవేళలా నీ దగ్గరే ఉంచుకో.

నీ మీద కోపమూ ప్రేమా రెండూ పట్టలేని
జిపారా

*

జైలూ,
జూలై 30

నా బంగారు చెల్లెలికి,

నువ్వు చెప్పినట్టే వాడి చేతే చదివించాను. "పోయి తిరిగొచ్చారండీ" అన్నచోట ఆగి, ఆ మాట రెండోసారి చదివాడు. తన పేరు వచ్చాక కాగితం నా ఒళ్లో పెట్టాడు, మిగతాది నేనే కూడబలుక్కుని చదివాను. "నిజమేనట్రా?" అన్నాను. "నిజమేనమ్మా" అన్నాడు. "మరి ఆ పిల్లని ఎందుకు పోనిచ్చావురా?" అంటే, "నేను చెబితే నువ్వు నన్ను చూసే చూపు మారిపోతుంది కదమ్మా" అన్నాడు. కొట్టాలో కావలించుకోవాలో తెలియలేదు. రెండూ చేశాను.

మర్నాడే గుర్రాల మీద గుల్చా దిగాం. వియ్యంకుడు ఎదురు రాలేదు. లోపల కూర్చోబెట్టారు గానీ రొట్టె విరిచి మా ముందు పెట్టలేదు. వచ్చినవాళ్లకి రొట్టె విరవని ఇల్లు నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. చుట్టుపక్కలవాళ్లు, వాళ్ల అన్నదమ్ములు అందరూ వచ్చి గోడ పొడుగునా కూర్చున్నారు. చినారా కనిపించలేదు.

వియ్యంకుడు అన్నాడు: "మా పిల్లని లారీలో బస్తాలా వేసి పంపారు. అది నోరు విప్పదు. అడిగితే 'అత్తయ్యకే తెలుసు' అంటుంది. మరి చెప్పండమ్మా, ఏం తప్పు చేసింది? అందరి ముందూ చెప్పండి."

జిపారా, దారి పొడుగునా నేనొక అబద్ధం తయారు చేసుకున్నాను. పెట్టె తాళం దగ్గర మాట పట్టింపు వచ్చిందని, ముసలిదాన్ని, తొందరపడ్డానని చెబుదామనుకున్నాను. నోటిదాకా వచ్చింది కూడా. అప్పుడు పరదా వెనక చినారా కాళ్లు కనిపించాయి. నిలబడి వింటోంది.

చెప్పేశాను. "నా పెద్దకొడుకుకి వచ్చింది పచ్చకామెర్లు కాదు. వాడు హెరాయిన్ ఎక్కించుకుంటాడు. మానేశాడు, మళ్లీ ముట్టాడు. ఊపిరి ఆగి చచ్చిపోతుంటే నిద్రనుకుని బొంత కప్పింది నేను. సూది వేసి, తన నోటితో ఊపిరి ఊది వాణ్ణి నిలబెట్టింది మీ పిల్ల. నేను దాన్ని జుట్టు పట్టి లాగాను. తప్పు చేసింది మీ పిల్ల కాదు, నేను." ఎల్దియార్ లేచి నిలబడి "మా అమ్మ కాదు, నేను. నాకు తెలిసీ నోరు మూసుకున్నాను" అన్నాడు. నా మొహం మండిపోతోంది. కానీ ఇన్నేళ్లుగా గుండెల మీద ఉన్న బండరాయి దిగినట్టయింది, అది కూడా నిజం.

చినారా పరదా తీసుకుని వచ్చింది. నేను తెల్ల రుమాలు కప్పబోతే జారిపోయింది. తనే తీసి కట్టుకుంది. "నన్ను క్షమించవే" అన్నాను. ఏమందో తెలుసా? "చిన్నత్తయ్య కాగితంలో ఊపిరి ఊదమని ఉంది అత్తయ్యా. మరదలు ఊదకూడదని ఎక్కడా లేదు." నాకు ఏడుపులో నవ్వొచ్చింది. వియ్యంకుడు అప్పుడు రొట్టె తీసి విరిచాడు.

మిర్లాన్‌కి కూడా అంతా చెప్పాం. తర్వాత అన్నదమ్ములిద్దరూ కలిసి గుర్రాలకి నీళ్లు పెట్టడానికి వెళ్లారు. వచ్చే నెల ఎల్దియార్ నీ దగ్గరికొస్తాడు, ఆస్పత్రి సంగతి నువ్వు చూడు. చినారా మాకందరికీ తిత్తి మీద ఊదడం నేర్పుతోంది. నాకు ఆయాసం వస్తోంది గానీ నేర్చుకున్నాను.

ఇంకొకటి రాయాలి, అందుకే ఇవాళే మామసాలీని ఆపాను. గుల్చాలో బయల్దేరేముందు, మగవాళ్లు గుర్రాలకి జీను వేస్తుంటే, వియ్యపురాలు కొత్తగా కుట్టిన ఉన్ని తివాచీ, నమదా, చూపిస్తానని నన్ను వెనక గదిలోకి తీసుకెళ్లింది. తలుపు మూసింది. నమదా ఏదీ లేదు. నా చెయ్యి పట్టుకుని మెల్లిగా అడిగింది: "వదినగారూ, ఆ మందు ఇంకోటుందా?"

ఎవరికని నేను అడగలేదు. వాళ్ల ఇంట్లో చినారా తర్వాత ఒక్క పిల్లాడే. నేను చెప్పినంతసేపూ వాడు తలుపు దగ్గర నిలబడి నేలచూపులు చూస్తూనే ఉన్నాడు.

మిగిలిన బుడ్డి నా సంచీలో ఉంది. ఇచ్చేశాను. ఎలా గుచ్చాలో, ఎలా ఊదాలో అక్కడే నేల మీద కూర్చుని నేనే చూపించాను.

ఇప్పుడు నా ఇంట్లో ఒక్కటి కూడా లేదు జిపారా. మామసాలీ తిరిగి బయల్దేరేలోగా పంపు. ఈసారి మా ఒక్కళ్లకే అని పంపకు.

నీ అక్క
ఉల్‌జాన్